బాధితుడికి ముఖం, పాలకుడికి వెక్కిరింత: 19వ శతాబ్దపు రాజకీయ కార్టూన్లలో జాతి, అధికారం

పాశ్చాత్య రాజకీయ కార్టూన్లలో జాతి చిత్రణ గురించి రాసేవారు దాన్ని చాలావరకు ద్వేషం కథగానే చెబుతారు. బ్రిటన్, అమెరికా పత్రికలు నల్లవారిని, ఐరిష్ ప్రజలను, చైనీయులను, వలస దేశాల వారిని కోతులుగా, మృగాలుగా, అల్లరి పిల్లలుగా గీశాయని, ఆనాటి దురభిమానాలకు ఆ బొమ్మలు సాక్ష్యమని అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ పాత సంచికలను తేదీల వరుసలో పెట్టి చూస్తే ఈ వివరణకు లొంగని సంగతి ఒకటి బయటపడుతుంది. అవే పత్రికలు, చాలాసార్లు అదే చిత్రకారుడు, అదే ప్రజలను ఎంతో గౌరవంగా కూడా గీశారు. కన్నీరు తెప్పించేలా, కొలిచి గీసినట్టుండే మానవ ముఖాలతో గీశారు. ద్వేషమే మూలమైతే ఈ గౌరవం ఎక్కడిది? ఆ బొమ్మలోని మనిషి ఏ స్థానంలో ఉన్నాడో గమనిస్తే జవాబు దొరుకుతుంది. దెబ్బలు తినేవాడిగా, శరణు కోరేవాడిగా, ఎవరి కోసమో ప్రాణమిచ్చేవాడిగా ఉన్నంతకాలం అతనికి మనిషి ముఖం దక్కింది. ఓటు వేసి ఎవరినో ఓడించేవాడిగా, చట్టసభలో కూర్చునేవాడిగా, తన దేశాన్ని తానే ఏలుకుంటాననేవాడిగా మారగానే ఆ ముఖం పోయింది. ఈ కార్టూన్ల అసలు విషయం చర్మపు రంగు కాదు, పాలించే అర్హత. ఆ వాదనను ఒక్క చూపులో ఒప్పించడానికి రంగు పనికొచ్చింది.

ఈ పని 19వ శతాబ్దంలోనే ఇంత జోరుగా సాగడానికి కారణాలున్నాయి. లండన్‌లో 1841లో 'పంచ్', న్యూయార్క్‌లో 1857లో 'హార్పర్స్ వీక్లీ' మొదలయ్యాయి. చిత్రకారుడు గీసిన బొమ్మను గట్టి చెక్క దిమ్మ మీద చెక్కి, అక్షరాలతో పాటే అచ్చువేసే పద్ధతి అప్పటికి స్థిరపడింది. దాంతో బొమ్మ చవకైంది, వారం వారం వచ్చింది, చదువురాని వారి దాకా వెళ్లింది. 1870ల చివర 'పక్', ఆ తర్వాత 'జడ్జ్' పత్రికలు రాతి అచ్చుతో రంగుల బొమ్మలు తెచ్చాయి. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే అట్లాంటిక్‌కు రెండు వైపులా ఓటు హక్కు విస్తరిస్తోంది, సామ్రాజ్యాలూ విస్తరిస్తున్నాయి. ఎవరు పౌరుడు, ఎవరు ప్రజ, ఎవరు ప్రభువు అన్న ప్రశ్న ప్రతి ఎన్నికలోనూ, ప్రతి యుద్ధంలోనూ లేచేది. కార్టూనిస్టుకు అంతకు మించిన ముడిసరుకు లేదు.

ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి ఆధారం థామస్ నాస్ట్. 1840లో జర్మనీలోని లాండౌలో పుట్టి, ఆరేళ్ల వయసులో న్యూయార్క్ చేరిన నాస్ట్ 1862 నుంచి 1886 దాకా 'హార్పర్స్ వీక్లీ'కి గీశాడు. రిపబ్లికన్ పార్టీకి ఏనుగు గుర్తు స్థిరపడింది అతని చేతిలోనే. బానిసత్వానికి బద్ధ శత్రువు. 1863 జనవరిలో విముక్తి ప్రకటన వెలువడగానే, స్వేచ్ఛ పొందిన నల్ల కుటుంబం పొయ్యి చుట్టూ హాయిగా కూర్చున్న దృశ్యాన్ని గీశాడు. అంతర్యుద్ధం ముగిశాక, 1865 ఆగస్టులో వేసిన జంట బొమ్మల్లో ఒకదాంట్లో తిరుగుబాటు చేసిన దక్షిణాది నాయకులు మోకరిల్లి క్షమాభిక్ష అడుగుతుంటారు. రెండోదాంట్లో అమెరికాకు స్త్రీ రూపమైన కొలంబియా, యుద్ధంలో కాలు పోగొట్టుకున్న నల్ల సైనికుణ్ణి చూపిస్తూ ఇతనికి ఓటు ఇవ్వరా అని నిలదీస్తుంది. సైనికుడి ముఖంలో ఎక్కడా వెక్కిరింత లేదు. 1868 సెప్టెంబరులో వేసిన మరో బొమ్మలో ముగ్గురు తెల్లవారు, అంటే ఐరిష్ వలసదారు, మాజీ తిరుగుబాటు సేనాని, న్యూయార్క్ ధనికుడు, కలిసి ఒక నల్ల సైనికుణ్ణి తొక్కిపట్టి నిలబడతారు. కిందపడిన అతని చేయి ఓటుపెట్టె వైపు చాచి ఉంటుంది. ఆనాటి అమెరికన్ పత్రికల్లో నల్లవారి హక్కుల కోసం ఇంత బలంగా వాదించిన కుంచె మరొకటి దొరకడం కష్టం.

ఇక అదే మనిషి 1874 మార్చిలో వేసిన ముఖపత్రం చూడాలి. అప్పటికి రాజ్యాంగ సవరణలు వచ్చాయి, నల్లవారు ఓటు వేస్తున్నారు, దక్షిణ కరొలైనా దిగువ సభలో వారిదే మెజారిటీ. ఆ సభ అవినీతి గురించి ఉత్తరాది పత్రికల్లో కథనాలు గుప్పుమన్నాయి. నాస్ట్ గీసిన సభలో నల్ల సభ్యులు దళసరి పెదవులతో, బయటికి పొడుచుకొచ్చిన కళ్లతో ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటారు, కొలంబియా వారిని బడిపిల్లల్లా మందలిస్తుంటుంది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా చిన్నా చితకా పత్రికలు వాడుతూ వచ్చిన అరిగిన మూసను, దాన్ని ధిక్కరించి పేరు తెచ్చుకున్న చిత్రకారుడే ఎత్తుకున్నాడు. పోనీ అప్పటికి మనసు మారిపోయిందా అంటే అదీ కాదు. అదే ఏడాది అక్టోబరులో, శ్వేత కూటమి (వైట్ లీగ్) వాడూ క్లూ క్లక్స్ క్లాన్ వాడూ చేతులు కలుపుకోగా, వారి చేతుల కింద చనిపోయిన బిడ్డను పొదువుకుని కుంగిపోయిన నల్ల దంపతులను గీశాడు. వెనక బడి తగలబడుతుంటుంది. ఈ దంపతుల ముఖాల్లో మళ్లీ మానవత్వం నిండుగా ఉంది. ఏడు నెలల తేడాలో, అదే పత్రికలో, అదే చేతి నుంచి వచ్చిన ఈ రెండు బొమ్మలను ద్వేషమో ప్రేమో అన్న కొలతతో పొసగించలేం. మొదటి దాంట్లో నల్లవాడు పాలిస్తున్నాడు, రెండో దాంట్లో చస్తున్నాడు. తేడా అక్కడ ఉంది. 1876 డిసెంబరులో, అధ్యక్ష ఎన్నిక ఫలితం తేలక దేశం కొట్టుకుంటున్నప్పుడు, నాస్ట్ ఒక తాసు గీసి ఒక పళ్లెంలో దక్షిణాది నల్లవాణ్ణి, రెండో పళ్లెంలో ఉత్తరాది ఐరిష్ వాణ్ణి కూర్చోబెట్టాడు. ఇద్దరూ వికారంగా ఉంటారు, ఇద్దరి బరువూ సమానం. తెలివిలేని ఓటు రెండు వైపులా ఉంది కాబట్టి లెక్క సరిపోయిందని దాని భావం. పదకొండేళ్ల కిందట కాలు తెగిన సైనికుడికి ఓటు అడిగిన వ్యక్తికి, ఆ ఓటు ఫలితాలను తేల్చే స్థితికి రాగానే అది బెంగ పుట్టించింది. మరుసటి ఏడాదే సమాఖ్య సైన్యం దక్షిణాది రాజధానుల్లో కాపలా మానేసింది, అంతర్యుద్ధం తర్వాత మొదలైన పునర్నిర్మాణ యుగం ముగిసింది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. 1870 ఏప్రిల్‌లో నాస్ట్, సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి సభ్యుడు హైరమ్ రెవెల్స్‌ను హుందాగానే గీశాడు కదా, అధికారంలోని నల్లవాడు అక్కడా ఉన్నాడు కదా అని. నిజమే, ఈ బొమ్మను పక్కకు నెట్టకూడదు. అయితే అందులో కథానాయకుడు ఎవరో చూడాలి. రెవెల్స్ మిసిసిపీ సభ్యుడిగా, తిరుగుబాటు దక్షిణాది నాయకుడు జెఫర్సన్ డేవిస్ ఒకప్పుడు అదే రాష్ట్రం తరఫున కూర్చున్న సభకు వచ్చాడు. నాస్ట్ డేవిస్‌ను షేక్‌స్పియర్ నాటకంలోని దుష్టుడు ఇయాగోగా వేషం కట్టించి, తలుపు పక్క నుంచి కుళ్లుకుంటూ తొంగి చూసేలా గీశాడు. రెవెల్స్ పేరున్న ఒక్క మనిషి, సొంత పార్టీ మనిషి, శత్రువు ఓటమికి నిలువెత్తు రుజువు. అలాంటివాడు ఒక్కడు కుర్చీలో ఉంటే ఎవరికీ భయం లేదు. మెజారిటీగా కూర్చుంటేనే భయం. కాబట్టి ఈ మినహాయింపు సూత్రాన్ని కొట్టెయ్యదు, దాని హద్దు ఎక్కడుందో చూపుతుంది.

1871 ఫిబ్రవరి నాటి చైనీయుల బొమ్మ ఇదే లెక్కను ఒకే చట్రంలో చూపిస్తుంది. గోడకు ఆనుకుని కూలబడిన చైనీయుడి తల మీద చేయి వేసి కొలంబియా కాపాడుతుంటే, ఎదుట కర్రలు, రాళ్లు పట్టిన గుంపు ఉంటుంది. ఆ గుంపు ముందున్న ఐరిష్ వాడికి కోతి దవడ. చైనీయుడు పౌరసత్వం పొందలేడు, ఓటు వేయలేడు. 1870 నాటి పౌరసత్వ చట్టం ఆ తలుపును నల్లవారికి తెరిచింది గాని చైనీయులకు తెరవలేదు. ఐరిష్ వాడికి ఓటుంది. న్యూయార్క్ నగరాన్ని ఏలుతున్న టామనీ హాల్ అనే డెమొక్రాట్ల రాజకీయ యంత్రాంగానికి బలం ఆ ఓట్లే. కరుణ ఎవరికి దక్కిందో, కోతి ముఖం ఎవరికి దక్కిందో చూడండి. అణగారిన వారి పక్షాన నిలిచిన బొమ్మగా దీన్ని నేటికీ పాఠ్యపుస్తకాల్లో వేస్తారు, వేయాల్సిందే. కానీ సగం బొమ్మ గురించే మాట్లాడటం అలవాటైపోయింది.

అట్లాంటిక్‌కు అవతల లండన్ 'పంచ్'లో ఐర్లండ్‌కు రెండు రూపాలు. 1881 అక్టోబరులో జాన్ టెనియల్ గీసిన ప్రసిద్ధ చిత్రంలో, ఐర్లండ్‌కు ప్రతీక అయిన హైబర్నియా అందమైన, బెదిరిన యువతి. బ్రిటన్‌కు ప్రతీక అయిన బ్రిటానియా భుజాన వాలి ఉంటుంది. ఎదురుగా రాయి పట్టుకున్న తిరుగుబాటుదారుడిది కోతి ముఖం. టెనియల్ అంటే 'ఆలిస్' పుస్తకాలకు బొమ్మలు వేసిన ఆయనే, ముఖాలు గీయడం చేతకాని వాడు కాదు. ఈ కోతి ముఖాలను 1971లో వచ్చిన తన పుస్తకంలో చరిత్రకారుడు పెరీ కర్టిస్ జాతి ద్వేషానికి, డార్విన్ అనంతర జాతి శాస్త్రానికి ముడిపెట్టాడు. రాయ్ ఫాస్టర్ వంటివారు దాన్ని ఖండించారు. 'పంచ్' ఐరిష్ వారందరినీ అలా గీయలేదని, హింసకు దిగిన రాజకీయవాదులనే గీసిందని, ఇంగ్లండ్ పేదలకూ అలాంటి ముఖాలే తగిలించిందని, ఇందులో జాతి కన్నా వర్గమూ రాజకీయమూ ఎక్కువని వారి వాదన. ఫాస్టర్ చెప్పిన వాస్తవాలు సరైనవే. కానీ అవి జాతి చిత్రణను కాదనవు, అది ఎలా పని చేస్తుందో చెబుతాయి. ఒకే ప్రజను రక్షణ కోరే స్త్రీగా, రాయి పట్టిన మృగంగా చీల్చడంలోనే అసలు మెలకువ ఉంది. తిరుగుబాటుదారుడు హైబర్నియా బిడ్డ కాదు, ఆమెకు ముప్పు అని ఒకసారి ఒప్పుకుంటే, బ్రిటన్ ఆక్రమణదారు కాస్తా కాపలాదారు అవుతుంది.

1857 సిపాయిల తిరుగుబాటు వేళ ఇదే టెనియల్ భారతదేశాన్ని ఎలా గీశాడో మనవాళ్లకు కొంత తెలుసు. కాన్పూరు హత్యాకాండ వార్తలు లండన్ చేరాక, ఆగస్టు 22 సంచికలో రెండు పుటల నిండా బ్రిటిష్ సింహం బెంగాల్ పులి మీదికి లంఘిస్తుంది. పులి కింద తెల్ల స్త్రీ, బిడ్డ. సెప్టెంబరులో న్యాయదేవత కత్తి దూసి సిపాయిలను నరుకుతుంది, వెనక భారతీయ స్త్రీలు, పిల్లలు రోదిస్తుంటారు. అంతకుముందు సిపాయి అంటే కంపెనీకి నమ్మిన బంటు, చిత్రాల్లో చక్కటి యూనిఫారం వేసుకున్న మనిషి. తుపాకీ గురి మారేసరికి జంతువయ్యాడు. ప్రతీకారం మోతాదు తగ్గించాలన్న గవర్నర్ జనరల్ కానింగ్‌ను కూడా అదే పత్రిక ఎగతాళి చేసింది. బొమ్మలోని మృగం అభిప్రాయంతో ఆగదు, వేటగాణ్ణి పిలుస్తుంది.

ఒక దేశం ఏడాది లోపే రంగు మారిన ఉదంతం క్యూబాది. 1898 వసంతం దాకా అమెరికన్ పత్రికల్లో క్యూబా అంటే ఎక్కువగా స్పెయిన్ చెరలో నలిగిపోతున్న యువతి. 'పక్' మే సంచికలో లూయీ డాల్రింపుల్ ఆమెను స్పెయిన్ దుష్పాలన అనే పెనంలో, అరాచకం అనే మంట మీద మోకరిల్లి ఉన్నట్టు గీశాడు. యుద్ధం గెలిచారు, క్యూబా, పోర్టోరికో, ఫిలిప్పీన్స్ చేతికొచ్చాయి. 1899 జనవరి 25న అదే డాల్రింపుల్, అదే పత్రికలో, అమెరికాకు ప్రతీక అయిన శామ్ మామయ్య (అంకుల్ శామ్) నడిపే బడిని గీశాడు. ముందు బెంచీ మీద ఫిలిప్పీన్స్, హవాయి, పోర్టోరికో, క్యూబా నల్లని, మొండి పిల్లలై కూర్చుంటాయి. వెనక కాలిఫోర్నియా, టెక్సస్ తెల్ల పిల్లలై బుద్ధిగా చదువుకుంటాయి. ఒక నల్ల కుర్రాడు కిటికీ తుడుస్తున్నాడు, అమెరికా ఆదివాసి పిల్లవాడు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు, చైనా పిల్లవాడు గుమ్మం బయటే ఉన్నాడు. గోడ మీద రాతల సారం, పాలితుల సమ్మతి సిద్ధాంతంగా బాగుంటుంది గాని ఆచరణలో అరుదని. సామ్రాజ్యవాదాన్ని ఇంత దాపరికం లేకుండా ఏ మంత్రి ప్రసంగమూ చెప్పలేదనుకుంటాను. అంతకుముందు క్యూబాను విడిపించాలి కాబట్టి యువతి కావలసి వచ్చింది, ఇప్పుడు ఏలాలి కాబట్టి పిల్లవాడు కావలసి వచ్చాడు. రెండు వారాలు తిరక్కుండానే ఫిలిప్పీన్స్‌లో యుద్ధం మొదలైంది.

ఆ కాలంలో అందరూ అలాగే గీసేవారు, నేటి కళ్లతో నాటివారిని నిలదీయడం అన్యాయం అనే మాట తరచూ వినిపిస్తుంది. కాలం ఒక్క గొంతుతో మాట్లాడి ఉంటే ఈ మాటకు విలువ ఉండేది. 1899 ఏప్రిల్ 1న 'జడ్జ్'లో విక్టర్ గిలమ్, కిప్లింగ్ 'తెల్లవాడి బరువు' పద్యం వెలువడిన ఊపులో, ఇంగ్లండ్, అమెరికా వివిధ జాతులను బుట్టల్లో మోసుకుంటూ నాగరికత కొండ ఎక్కుతున్నట్టు గీశాడు. దానికి రెండు వారాల ముందే, మార్చి 16న 'లైఫ్' పత్రిక ముఖచిత్రంలో విలియం వాకర్ ఆ బరువునే తిరగేశాడు. వలస ప్రజలే వంగి నడుస్తూ బ్రిటన్, అమెరికా తదితర ప్రభువులను వీపు మీద మోస్తుంటారు. అదే నగరం, అదే ఏడాది, అదే పద్యం. నాస్ట్ సంగతికొస్తే, అతను కాలానికి బందీ అనడం మరీ కష్టం, 1865లోనే వేరేలా గీసి చూపించాడు గనక. ఇక బొమ్మల్లో కనిపించిన వారే కుంచె పట్టిన సందర్భమూ ఉంది. బానిసగా పుట్టిన హెన్రీ జాక్సన్ లూయిస్ 1889 నుంచి ఇండియానాపొలిస్‌లోని 'ఫ్రీమన్' అనే నల్లజాతి పత్రికకు రాజకీయ కార్టూన్లు వేశాడు. నల్ల ఓట్లు తీసుకుని పదవులు ఎగ్గొట్టిన హారిసన్ ప్రభుత్వాన్ని ఎండగట్టాడు. 1891లో చనిపోయాడు. ఆనాటి వాడుక ఇదీ అని చెప్పేటప్పుడు లూయిస్‌ను ఆనాటి వారి లెక్కలోంచి తీసేయడం మామూలైపోయింది.

మరో అభ్యంతరం ఇంకాస్త పదునైనది. వికారం చేయడమే కార్టూన్ పని, అందరినీ వికారం చేశారు, నాస్ట్ టామనీ నాయకుడు విలియం ట్వీడ్‌ను డబ్బు సంచి తలగా గీయలేదా అని. గీశాడు. ఆ బొమ్మలు ట్వీడ్ పతనానికి తోడ్పడ్డాయి. జైలు నుంచి తప్పించుకుని 1876లో స్పెయిన్ చేరినప్పుడు అధికారులు అతన్ని గుర్తుపట్టింది నాస్ట్ కార్టూన్ చూసే. కానీ ట్వీడ్ పొట్ట ట్వీడ్‌దే, అతని దొంగతనమూ అతనిదే. బొమ్మ తప్పని అతను వాదించుకోవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. దక్షిణ కరొలైనా సభలో గీసిన ముఖాలకు పేర్లు లేవు. పేరు లేని ముఖం నిర్దోషిగా బయటపడే దారి లేదు, ఎందుకంటే ఆరోపణ చేసిన పని మీద కాదు, పుట్టుక మీద. వ్యక్తిని వెక్కిరించే బొమ్మ అధికారాన్ని జవాబు అడుగుతుంది. మూసను వెక్కిరించే బొమ్మ అధికారంలోకి రాబోయేవాణ్ణి గుమ్మంలో ఆపుతుంది. రెండూ ఒకే కళ అనడం నైపుణ్యం వరకే చెల్లుతుంది.

మన దేశంలో ఈ తేడా జాతి కన్నా కులం దగ్గర తేటగా కనిపిస్తుంది. రాజ్యాంగ రచనను నత్తగా, దాని మీద అంబేడ్కర్‌ను, వెనక కొరడా పట్టిన నెహ్రూను కార్టూనిస్టు శంకర్ 1949లో గీసిన కార్టూన్ మీద 2012లో పార్లమెంటులో దుమారం రేగి, అది ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకం నుంచి పోయింది. ఒక్క కార్టూన్ మీద ఇంత రాద్ధాంతమా అని అప్పుడు చాలామంది పత్రికలవాళ్లు విసుక్కున్నారు. విజయవాడకు చెందిన ఉన్నమటి శ్యామసుందర్ 2019లో అచ్చయిన సంకలనంలో 1932 నుంచి 1948 దాకా ఆంగ్ల పత్రికల్లో అంబేడ్కర్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లను ఒకచోట పేర్చాక ఆ విసుగుకు జవాబు దొరికింది. ఇతర నాయకుల పక్కన ఆయన్ను కురచగా, చిన్నపిల్లవాడిగా, ఆడవేషంలో గీసిన బొమ్మలు మళ్లీ మళ్లీ వస్తాయి. నెహ్రూను, గాంధీని కూడా ఎగతాళి చేశారన్నది నిజం. వారి పరిమాణాన్ని మాత్రం అంత నిలకడగా తగ్గించలేదు. ఒక బొమ్మను విడిగా చూసి తీర్పు చెప్పడం ఎందుకు చాలదో ఈ సంకలనం కన్నా బాగా చెప్పేది లేదు.

ఆఖరి అభ్యంతరం, కార్టూన్ సమాజంలో ఉన్నదాన్ని చూపుతుందే తప్ప కొత్తగా ఏమీ చేయలేదన్నది. చాలా సందర్భాల్లో ప్రభావాన్ని కొలవడం అసాధ్యమే, కొలిచామనేవారిని అనుమానించాలి. కానీ 1898 నాటి ఉత్తర కరొలైనాలో పత్రికాధిపతే లెక్క చెప్పాడు. అక్కడ పాపులిస్టులు, రిపబ్లికన్లు కలిసి నల్ల ఓటర్ల మద్దతుతో ప్రభుత్వం నడుపుతున్నారు. దాన్ని కూల్చడానికి డెమొక్రాట్లు చేసిన ప్రచారంలో, రాలీ నగరపు 'న్యూస్ అండ్ అబ్జర్వర్' సంపాదకుడు జోసెఫస్ డేనియల్స్, నార్మన్ జెనెట్ అనే యువ చిత్రకారుడి చేత వరుసగా కార్టూన్లు వేయించాడు. సెప్టెంబరు 27 నాటి బొమ్మలో నల్లవారి పాలన అని రాసిన రెక్కల రక్తపిశాచి ఓటుపెట్టె మీద కాలు మోపి, గోళ్లతో తెల్లవారిని పట్టుకుంటుంది. ఓటు ఉన్న నల్లవాడు పిశాచం. ఇంతకన్నా సూటిగా ఈ వ్యాసం వాదనను ఏ బొమ్మా చెప్పదు. ఆయుధాలు పట్టిన ఎర్రచొక్కాల దండు, బెదిరింపులు, ఓట్ల దొంగతనం కూడా ఆ ప్రచారంలో ఉన్నాయి కాబట్టి కార్టూన్లే గెలిపించాయనడం అతిశయోక్తి. అయితే తన పత్రిక శ్వేతాధిపత్యానికి పోరాట గొంతుక అయిందని డేనియల్స్ తర్వాత తన ఆత్మకథలో గర్వంగా రాసుకున్నాడు. నవంబరు 10న విల్మింగ్‌టన్‌లో సాయుధ గుంపు నల్లజాతి దినపత్రిక 'డైలీ రికార్డ్' కార్యాలయాన్ని తగలబెట్టి, నల్లవారిని కాల్చి చంపి, ఎన్నికైన నగర పాలకుల చేత బలవంతంగా రాజీనామా చేయించింది. 1900లో రాష్ట్ర రాజ్యాంగ సవరణ అక్షరాస్యత పరీక్ష పెట్టి నల్లవారి ఓటును దాదాపు తుడిచేసింది. డేనియల్స్ ఆ తర్వాత విల్సన్ ప్రభుత్వంలో నౌకాదళ మంత్రి అయ్యాడు. రాలీ పత్రిక 1898లో తన పాత్రకు 2006లో క్షమాపణ చెప్పింది. ఆ రాష్ట్రపు నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు జార్జ్ హెన్రీ వైట్ 1901లో సభ విడిచి వెళ్లాక, అక్కడి నుంచి మరో నల్లజాతి అభ్యర్థి కాంగ్రెస్‌కు ఎన్నికైంది 1992లో.